ఆడవాళ్లు దేశాన్ని నడపొచ్చా? పంచాయతీ ఫైళ్లు చూసినవాడి జవాబు

ప్రశ్న అడిగినావిడ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నారు. దేశానికి ఒక మహిళ నాయకత్వం వహించడం సరైనదేనా అని ఇంట్లో వాదన వచ్చిందట. మేనమామ గారు, "మన ఊళ్లోనే ఒక ఆడమనిషిని సర్పంచ్ కుర్చీలో కూర్చోబెట్టి పెత్తనమంతా మొగుడు చేస్తున్నాడు. ఊరే నడపలేనివాళ్లు దేశం ఏం నడుపుతారు? రేపు యుద్ధం వస్తే?" అన్నారట. తను రాజకీయాల్లోకి వెళ్తానంటే అందరూ నవ్వారట. ఆయన మాటల్లో నిజం ఎంత అని అడిగారు.

నేను ఉమ్మడి రాష్ట్రంలోనూ, తర్వాత తెలంగాణలోనూ పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి ఎంపీడీవోగా, అంటే మండల పరిషత్ అభివృద్ధి అధికారిగా, రిటైరయ్యాను. ఢిల్లీ రాజకీయాలు మీలాగే పేపర్లో చదివి తెలుసుకున్నవాణ్ణే. మహిళా సర్పంచుల ఫైళ్లు మాత్రం దగ్గరుండి చూశాను.

సూటిగా చెప్పాలంటే: నడపొచ్చు, ఎన్నికైతే నడపాలి కూడా. వద్దనడానికి గట్టి కారణం ఒక్కటీ నాకు కనపడలేదు. అలాగని "ఆడవాళ్లయితే అవినీతి ఉండదు, తల్లి మనసుతో పాలిస్తారు, యుద్ధాలు రావు" అనేవాళ్లతోనూ నాకు పేచీయే. చరిత్ర ఆ మాటకూ ఒప్పుకోదు. మీ మామయ్య గారు చూసింది నిజం. దాన్నుంచి తేల్చిందే తప్పు. ఆయన చూసింది కుర్చీ ఒకరికి, సంతకం ఇంకొకరికి పోయిన పరిస్థితి. అలాంటి కుర్చీలో మగవాణ్ణి కూర్చోబెట్టినా బొమ్మలాగే ఉంటాడు. రిజర్వుడు సీట్లలో భూస్వామి దగ్గర పాలేరుగా ఉన్న మగ సర్పంచులు నాకు తెలుసు. వాళ్ల తీర్మానాల పుస్తకం కూడా దొరగారి ఇంట్లోనే ఉండేది. అప్పుడు "మగవాళ్లు ఊరు నడపలేరు" అని ఎవరూ అనలేదు.

ముందు ఊరి సంగతి చెప్తాను, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్దాం.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు మహిళలకు ఇవ్వాలంది. మన దగ్గర 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో మొదటిసారి ఆ పద్ధతిలో ఎన్నికలు జరిగాయి. తర్వాత ఆ వాటాను సగానికి పెంచారు, 2013 ఎన్నికలు సగం లెక్కనే జరిగాయి. మొదట్లో అభ్యర్థిని ఎలా వెతికేవారంటే, సీటు మహిళకు రిజర్వ్ అయిందని తెలియగానే, అప్పటిదాకా నిలబడాలనుకున్న మగవాళ్లు ఇంటికెళ్లి భార్యతోనో కోడలితోనో నామినేషన్ వేయించేవారు. ప్రచారం వాల్‌పోస్టర్ మీద ఆమె ఫోటో చిన్నది, ఆయనది పెద్దది. గెలిచాక పూలదండ కూడా ఆయన మెడలోనే పడేది.

ఇలా వచ్చిన ఆమె మొదటి రోజు నుంచే ఊరు నడపాలని మనం ఎలా ఆశిస్తాం? ఆఫీసులో ఆమెకు ఏం ఇచ్చామో చూడండి. చాలా పంచాయతీ భవనాల్లో ఆడవాళ్లకు టాయిలెట్ ఉండేది కాదు. మండల మీటింగ్ ఉదయం పదకొండుకు పెడితే మధ్యాహ్నం మూడుకు తెమిలేది. ఆమె పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగకుండా కూర్చునేది. కార్యదర్శి రిజిస్టర్ పట్టుకుని నేరుగా ఆమె భర్త దగ్గరికి పోయేవాడు, ఎందుకంటే ఆయనతోనైతే పది నిమిషాల్లో పని అయిపోతుంది. పై నుంచి మెమోలు మాత్రం వస్తూ ఉండేవి, బంధువులు సమావేశాల్లో కూర్చోకూడదని. నేను ఎంపీడీవోగా ఉన్నచోట సర్వసభ్య సమావేశంలో కుర్చీల వెనక పేర్ల చీటీలు అంటించే ఏర్పాటు చేశాను. పేరు లేనివాళ్లు బయట టీ కొట్టు దగ్గర కూర్చునేవారు. నాలుగైదు మీటింగులు మౌనంగా నడిచాయి. తర్వాత తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి, చాలా వరకు బోర్ల మీద, అంగన్‌వాడీల మీద, పింఛన్ల మీద.

మెదక్ జిల్లాలో ఒక ఎస్సీ మహిళ రిజర్వుడు సీటులో గెలిచి వచ్చింది, కూలి పని చేసుకునే మనిషి. డ్వాక్రా సంఘంలో సంతకం నేర్చుకుంది. బిల్లులు చదివి వినిపిస్తుంటే ఒకచోట ఆపింది. "సార్, మోటరు రెండుసార్లు వైండింగ్ అయిందని రాసిండ్రు గదా. గా నెలంత మేం బాయికాడికెల్లి నీళ్లు మోసినం. మోటరు బయటికి తియ్యనే లేదు, ఇగ వైండింగ్ యాడ చేసిండ్రు?" అంది. గదిలో ఉన్న మగవాళ్లెవరికీ ఆ నెలలో మోటారు పైకి తీశారో లేదో తెలియదు. వాళ్ల ఇంటికి నీళ్లు ఎవరు తెచ్చేవారో మీరే ఊహించండి. ఆ బిల్లు ఆగిపోయింది. ఆడిట్ వాళ్లు వచ్చినా పట్టుకోలేరు దాన్ని, ఎందుకంటే రసీదు సరిగ్గానే ఉంది.

ఆమె చేసిన ఇంకో పని గురించీ చెప్పాలి. ట్యాంకు నుంచి నల్లాలు వదిలే వరుసలో ఎస్సీ కాలనీది ఆఖరి లైను. ప్రెషర్ అయిపోయాక చుక్కలు పడేవి. గేట్ వాల్వ్ తిప్పే వాటర్‌మన్‌ను పిలిచి, రేపట్నుంచి ఆఖరి లైను ముందు ఇప్పమంది. పైసా ఖర్చు లేని పని. ఊళ్లో పెద్ద గొడవే అయింది గానీ ఆమె వెనక్కి తగ్గలేదు.

ఇది ఒక్క ఊరి కథే అనుకోకండి. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్‌లోనూ, రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లోనూ రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. ఏ పంచాయతీ మహిళకు రిజర్వ్ కావాలన్నది అక్కడ లాటరీ లాంటి పద్ధతిలో తేలింది కాబట్టి పోలిక సరిగ్గా కుదిరింది. మహిళలు నడిపిన పంచాయతీల్లో తాగునీటి మీద పెట్టుబడి ఎక్కువగా కనిపించింది. తర్వాత బెంగాల్‌లోనే ఇంకో పరిశీలన చేశారు. ఒకే ప్రసంగాన్ని ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో జనానికి వినిపించారు. మహిళ ఎన్నడూ ఆ కుర్చీలో కూర్చోని ఊళ్లలో మగవాళ్లు ఆడ గొంతుకు తక్కువ మార్కులు వేశారు. మహిళా ప్రధాన్‌ను, అంటే అక్కడి సర్పంచ్‌ను, చూసిన ఊళ్లలో ఆ తేడా చాలావరకు పోయింది. రెండు విడతలు మహిళ పాలించిన చోట, తర్వాత రిజర్వేషన్ లేకపోయినా ఆడవాళ్లు ఎక్కువగా పోటీ చేసి గెలిచారు. మీ మామయ్య గారికి ముందు ఈ గొంతు పరీక్ష గురించి చెప్పండి. వినే చెవిలో కూడా ఏదో ఉందని అది చూపిస్తుంది.

ఇక అసలు విషయం, డబ్బు మీద సంతకం. పాత రోజుల్లో ఖాళీ చెక్కుల మీద సర్పంచమ్మ చేత పుస్తకం మొత్తం సంతకాలు పెట్టించి ఆయన బీరువాలో దాచుకునేవాడు. 2018 చట్టం తర్వాత తెలంగాణలో సర్పంచ్‌కూ ఉప సర్పంచ్‌కూ కలిపి చెక్ పవర్ ఇచ్చారు. ఉప సర్పంచ్‌ను వార్డు మెంబర్లు ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషన్ లేదు. ఎక్కువ చోట్ల ఊరి పెద్ద కులం మగవాడు అందులోకి వచ్చాడు. సర్పంచమ్మ పని చేయించి బిల్లు పెడితే ఆయన సంతకం కోసం రోజుల తరబడి తిరగాలి. జనానికి కనపడేది మాత్రం "ఆమె వచ్చాక పని కావట్లేదు" అన్నదే. ఆన్‌లైన్ చెల్లింపులు వచ్చాక చెక్కు స్థానంలో డిజిటల్ సంతకం కీ వచ్చింది. అదేమో సర్పంచ్ గారి భర్త చొక్కా జేబులో, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు కూడా ఆయనదే. ఒకావిడ ఆఫీసులో అందరి ముందే అంది: "సంతకం నాదైనప్పుడు కీ ఆయన జేబుల ఎందుకు సార్? రేపు రికవరీ వస్తే నోటీసు నా పేరు మీదనే గదా వచ్చేది." ఆ రోజే నంబరు మార్పించుకుంది. అప్పట్నుంచి ఆ పంచాయతీ ఆమెదే అని నేను అనుకుంటాను, గెలిచిన రోజు నుంచి కాదు.

ఇదంతా పెట్టుకుని ఇప్పుడు ఇందిరా గాంధీ మొదటి మూడేళ్లు చూడండి. నాకైతే మండలాఫీసు వ్యవహారం లాగే అనిపిస్తుంది.

1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి తాష్కెంట్‌లో చనిపోయారు. కామరాజ్, నిజలింగప్ప, అతుల్య ఘోష్, ఎస్.కె. పాటిల్, మన నీలం సంజీవరెడ్డి లాంటి కాంగ్రెస్ పెద్దలను సిండికేట్ అనేవారు. మొరార్జీ దేశాయ్ వస్తే మాట వినడు. నెహ్రూ కూతురైతే చెప్పినట్టు వింటుంది, ఎన్నికల్లో ఓట్లూ పడతాయి అన్నది వాళ్ల లెక్క. పార్టీ ఎంపీల ఓటింగ్‌లో ఆమెకు 355, మొరార్జీకి 169. జనవరి 24న ప్రమాణం చేశారు. సభలో తడబడుతూ మాట్లాడుతుంటే రామ్‌మనోహర్ లోహియా "గూంగీ గుడియా" అని ఎద్దేవా చేశారు. మూగ బొమ్మ అని. అంటే మీ మామయ్య గారు మీ ఊరి సర్పంచమ్మను చూసి అన్నదే.

1967 ఎన్నికల్లో కాంగ్రెస్ బాగా దెబ్బతింది. పార్టీ చీలకుండా ఉండాలని మొరార్జీని ఉప ప్రధానిని చేసి ఆర్థిక శాఖ ఇవ్వాల్సి వచ్చింది. ఉప సర్పంచ్, జాయింట్ చెక్ పవర్ అన్నమాట! రెండేళ్లు అలాగే లాక్కొచ్చారు. 1969 జూలై 16న ఆమె మొరార్జీ దగ్గర్నుంచి ఆర్థిక శాఖ తీసేసుకున్నారు. మూడు రోజులకే, జూలై 19న, 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. ఆ ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నికలో సిండికేట్ నిలబెట్టిన సంజీవరెడ్డి ఓడిపోయి, ఆమె మద్దతున్న వి.వి. గిరి గెలిచారు. ఇద్దరూ తెలుగువాళ్లే కావడం వల్ల మా ఇళ్లలో అరుగుల మీద ఆ ఎన్నిక గురించి ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. ఏడాది చివరికి పార్టీయే రెండుగా చీలింది. బ్యాంకుల జాతీయం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకు దాని మీద రెండు రకాల అభిప్రాయాలూ ఉన్నాయి. ఇక్కడ చూడాల్సింది ఒకటే. 1966లో ఉన్న మనిషే 1969లోనూ ఉంది. మధ్యలో మారింది ఆర్థిక శాఖ ఎవరి చేతిలో ఉందన్నది.

యుద్ధం సంగతి. మీ మామయ్య గారు ఎంచుకున్న ఈ వాదన ఆయనకే ఎదురు తిరుగుతుంది. 1971 మార్చి తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు కోటి దాకా వచ్చారు. వెంటనే సైన్యాన్ని పంపాలన్న తొందర కేబినెట్లో కనిపించింది. సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా తర్వాత చెప్పిన దాని ప్రకారం, వర్షాకాలంలో అక్కడి నదులు పొంగుతాయి, బలగాలు సిద్ధంగా లేవు, ఇప్పుడు వెళ్తే ఓడిపోతాం అని ఆయన మొహం మీదే చెప్పారు. ఆమె విన్నారు. ఆగారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు, ఆ తర్వాత పశ్చిమ దేశాలు తిరిగి మన వాదన వినిపించారు. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి చేశాయి, 16న ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి. సుమారు 93 వేల మంది యుద్ధఖైదీలు. నిపుణుడు కాదన్నప్పుడు ఆగడం, అవునన్నప్పుడు వెనకాడకపోవడం, నాయకుడికి యుద్ధంలో కావాల్సింది ఆ రెండే. తుపాకీ పట్టాల్సింది ప్రధాని కాదు గదా.

ఇజ్రాయెల్లో 1973 అక్టోబరు 6 ఉదయం ఇంకా ఇరకాటం. దాడి వస్తోందని తేలింది. రిజర్వు బలగాలను ఎంతమందిని పిలవాలన్న దగ్గర పేరుమోసిన యోధుడు, రక్షణ మంత్రి మోషే దయాన్ తక్కువ చాలన్నారు. సైన్యాధిపతి ఎలాజర్ ఎక్కువ కావాలన్నారు. ప్రధాని గోల్డా మేయర్ ఎలాజర్ మాటకే మొగ్గారు. ముందస్తు దాడి మాత్రం వద్దన్నారు, అలా చేస్తే అమెరికా సాయం రాదని. మొదటి రోజుల్లో భారీ నష్టం జరిగింది, ముందుగా పసిగట్టలేదన్న కోపంతో జనం వీధుల్లోకి వచ్చారు. విచారణ కమిషన్ ఆమెను తప్పుపట్టకపోయినా 1974 ఏప్రిల్లో రాజీనామా చేశారు. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1982లో అర్జెంటీనా ఆక్రమించిన ఫాక్‌ల్యాండ్స్‌కు నౌకాదళాన్ని పంపి పది వారాల్లో ద్వీపాలు తిరిగి తెచ్చుకున్నారు. శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే 1971లో జేవీపీ అనే వామపక్ష సంస్థ తిరుగుబాటును అణచివేసిన తీరులో వేల మంది యువకులు చనిపోయారు. ఆడవాళ్లు మెత్తన అని భయపడేవాళ్లకూ, మెత్తన అని ఆశపడేవాళ్లకూ ఇందులో ఏమీ దొరకదు. ఐరోపాలో కొన్ని శతాబ్దాల రాజ్యాల లెక్క తీసిన పరిశోధకులు, రాజుల కాలంలో కంటే రాణుల కాలంలోనే యుద్ధాలు ఎక్కువగా జరిగాయని తేల్చారు కూడా.

మన గడ్డ మీదే రుద్రమదేవి ఉంది. గణపతిదేవుడికి కొడుకుల్లేక ఆమెకు పట్టం కట్టాడు. శాసనాల్లో చాలాచోట్ల ఆమె పేరు రుద్రదేవ మహారాజు అని మగ పేరుతోనే కనిపిస్తుంది. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వస్తే తరిమింది. మోటుపల్లి రేవు గురించి రాసిన మార్కో పోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నాటిది. దాన్ని బట్టి పెద్ద వయసులో, కాయస్థ అంబదేవుడితో పోరులోనే ఆమె చనిపోయి ఉండవచ్చని చరిత్రకారులు భావిస్తారు. అంత చేసిన మనిషికీ రాజ్యానికి రావడానికి మగ పేరు కావాల్సి వచ్చింది. ఆ మగ పేరు పని ఇప్పుడు ఇంటిపేరు చేస్తోంది.

ఇక్కడే మీ వైపు వాదనలో ఉన్న లొసుగు కూడా చెప్పాలి. దక్షిణాసియాలో పెద్ద కుర్చీ ఎక్కిన మహిళల జాబితా రాయండి. సిరిమావో 1960 జూలైలో ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని అయ్యారు. భర్త హత్యకు గురై ఏడాది కూడా కాలేదు. ఆమె కూతురు చంద్రిక అధ్యక్షురాలయ్యారు. ఇందిర నెహ్రూ కూతురు. పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో, బంగ్లాదేశ్‌లో షేక్ హసీనా తండ్రుల పేరు మీద, అక్కడే ఖలీదా జియా భర్త పేరు మీద వచ్చారు. వీళ్లను చూపించి "మా దేశాల్లో ఆడవాళ్లకు అడ్డు లేదు" అంటే కుదరదు. ఆ కుటుంబాలకు అడ్డు లేదంతే. వారసులైన మగవాళ్లూ మనకు తక్కువేం కాదు గానీ, మగవాడికి వారసత్వం ఒక దారి, మిగతా దారులూ తెరిచే ఉంటాయి. ఆడవాళ్లకు చాలాకాలం అదొక్కటే దారి.

అయితే ఆ దారిలో రానివాళ్లూ ఉన్నారు. థాచర్ కిరాణా కొట్టు యజమాని కూతురు, కెమిస్ట్రీ చదివారు. ఆంగెలా మెర్కెల్ తూర్పు జర్మనీలో పెరిగిన శాస్త్రవేత్త, 2005 నుంచి 16 ఏళ్లు జర్మనీని నడిపారు. మన దేశంలో మాయావతి, మమతా బెనర్జీ ఏ ఇంటి పేరూ లేకుండా ముఖ్యమంత్రులయ్యారు. ఈ నలుగురి రాజకీయాల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, అది పక్కన పెట్టండి. వీళ్లంతా కింది నుంచి, పార్టీ పనిలో నలిగి వచ్చారు.

మన సంగతేంటి? 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దగ్గర్నుంచి, విడిపోయాక రెండు రాష్ట్రాలనూ కలిపి చూసినా, ఇప్పటిదాకా ఒక్క మహిళా ముఖ్యమంత్రి లేరు. ఉత్తరప్రదేశ్‌కు 1963లోనే సుచేతా కృపలానీ ఉన్నారు. డ్వాక్రా సంఘాల విషయంలో దేశానికే దారి చూపించామని చెప్పుకునే మనం, ఆ సంఘాల నుంచి ఎంతమందిని అసెంబ్లీ దాకా రానిచ్చాం? సభలకు జనం కావాల్సినప్పుడు మాత్రం సంఘాల లీడర్లకే ఫోన్లు వెళ్తాయి.

మహిళ నాయకురాలైతే మహిళలకు మేలు దానంతటదే జరిగిపోదు. థాచర్ పదకొండేళ్లకు పైగా పాలించి, తన కేబినెట్లోకి తీసుకున్న మహిళ ఒక్కరే. ఇందిర 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టారు. జైళ్లు, సెన్సార్, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. దక్షిణ కొరియాలో అధ్యక్షురాలు పార్క్ గున్-హే అవినీతి వ్యవహారంలో 2017లో పదవి పోగొట్టుకున్నారు. హసీనా వరుసగా 15 ఏళ్లు పాలించి, విద్యార్థుల ఉద్యమాన్ని అణచబోయి, 2024 ఆగస్టు 5న దేశం వదలాల్సి వచ్చింది. వీళ్ల తప్పులను ఆడవాళ్ల తప్పులుగా రాయడం మొదలుపెడితే, మగ నియంతల జాబితా మగజాతి ఖాతాలో రాయాలి. ఆ పుస్తకానికి కాగితాలు చాలవు.

ఇందులో మన జనం తీర్పు చిత్రంగా ఉంటుంది. 1977లో ఉత్తరాది మొత్తం ఇందిరను ఓడించింది, రాయ్‌బరేలీలో ఆమె సొంత సీటే పోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కు ఇచ్చింది. మిగిలిన ఒక్క నంద్యాలలో గెలిచింది ఆమె పాత ప్రత్యర్థి సంజీవరెడ్డే. 1980లో ఆమె మెదక్‌లో జైపాల్ రెడ్డి మీద గెలిచి, రాయ్‌బరేలీ వదులుకుని మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురయ్యేనాటికి మెదక్ ఎంపీయే. నేను పనిచేసిన ఊళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ "ఇందిరమ్మ" అనే అంటారు, ప్రభుత్వ ఇళ్లకూ ఆ పేరే. ఎమర్జెన్సీ గురించి అడిగితే "అది ఢిల్లీల గదా" అనేస్తారు. ఆ జవాబు నాకు నచ్చదు. కానీ 'ఆడమనిషి ఏం పాలిస్తుంది' అన్న ప్రశ్న మాత్రం ఆ ఊళ్ల ముసలివాళ్ల నోట నేను వినలేదు. చదువుకున్న ఇళ్లలోనే ఎక్కువ విన్నాను.

పిల్లల సంగతి మీరు రాయలేదు గానీ తర్వాత ఎవరో ఒకరు తప్పక అంటారు కాబట్టి ఒక ముక్క. బేనజీర్ ప్రధానిగా ఉండగానే 1990 జనవరిలో బిడ్డను కన్నారు. న్యూజిలాండ్‌లో జసిండా ఆర్డెర్న్ 2018 జూన్లో కన్నారు, కొన్ని వారాలు ఉప ప్రధాని బాధ్యతలు చూసుకున్నారు, దేశం నడిచింది. 2023లో ఇక శక్తి చాలదంటూ ఆర్డెర్న్ తప్పుకున్నప్పుడు "చూశారా" అన్నారు కొందరు. మంచం పట్టినా కుర్చీ వదలని మగ నేతలను చూసిన మనం, ఓపిక లేదని చెప్పి దిగిపోవడాన్ని లోపంగా ఎందుకు లెక్కేయాలో నాకర్థం కాదు.

ఇప్పుడు మీ గురించి. నవ్వినవాళ్లకు జవాబు చెప్పే టెన్షన్ పెట్టుకోకండి. పంచాయతీకి 21 ఏళ్లు నిండితే పోటీ చేయవచ్చు, లోక్‌సభకు 25. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలోనూ అసెంబ్లీల్లోనూ మూడో వంతు మహిళలకిస్తుంది గానీ, జనాభా లెక్కలు, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్న షరతు పెట్టారు. 2024 లోక్‌సభకు 543 మందిలో 74 మంది మహిళలే వచ్చారు. ఆ సీట్లు వచ్చే రోజున పార్టీలు అభ్యర్థుల కోసం వెతుకుతాయి. 1995లో మన ఊళ్లలో వెతికినట్టే ఇళ్లలో వెతికితే మళ్లీ అదే కథ నడుస్తుంది. అప్పటికి పని తెలిసిన ఆడవాళ్లు బయట కనపడుతూ ఉండాలి.

అందుకని ఈ చదువు ముగిసేలోపే మొదలుపెట్టండి. గ్రామసభకు వెళ్లండి, వెనక వరసలో కాకుండా కార్యదర్శి రిజిస్టర్ కనపడేచోట కూర్చోండి. తీర్మానం రాసి చదివి వినిపించాకే సంతకం పెట్టాలి, అక్కడ చాలామంది ముందే ఖాళీ పేజీ మీద పెట్టి వెళ్లిపోతారు. మీ పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయో, దేనికి ఖర్చయ్యాయో ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడవచ్చు. అందులో రాసిన పని మీ వీధిలో నిజంగా జరిగిందా అని నడిచి వెళ్లి చూడండి. ముందు వార్డు మెంబరుగా నిలబడండి. వార్డు మెంబరంటే చిన్నచూపు చూస్తారు గానీ, కోరం (సమావేశానికి కావాల్సిన కనీస హాజరు) లెక్క, తీర్మానం రాయించడం, బిల్లు ఆపడం అన్నీ అక్కడే చేతికొస్తాయి. వీలైతే జనరల్ సీటులో పోటీ చేయండి. ఓడినా సరే, రిజర్వేషన్ మీద వచ్చిందనే మాట ఇక రాదు. ఎవరి పార్టీ కండువా కప్పుకున్నా, బ్యాంకు ఖాతాకు, డిజిటల్ కీకి మీ ఫోన్ నంబరే ఇవ్వండి. పెళ్లి మాటల్లో ఈ సంగతి కూడా ముందే మాట్లాడుకోవడం మంచిది, నవ్వులాటకు అనడం లేదు.

మోటారు బిల్లు ఆపిన ఆవిడ సంగతి అడుగుతారేమో. తర్వాతి విడతలో రొటేషన్లో సీటు జనరల్ అయింది, ఊరి పెద్దలు ఆమెను నిలబడొద్దన్నారు. ఆమె వార్డు మెంబరుగా వేసి గెలిచింది. కొత్త సర్పంచ్ మగవాడు. బిల్లులు చదివేటప్పుడు ఆమె వైపు చూసి చదివేవాడని అక్కడి కార్యదర్శి నాతో అన్నాడు.

మీ ఊరి పేరు చెప్పక్కర్లేదు. ఆంధ్రలోనా తెలంగాణలోనా, ఈసారి సర్పంచ్ సీటు ఏ కేటగిరీ, మీ వార్డులో ఓట్లెన్ని అన్నది రాస్తే, నామినేషన్‌కు ఏ కాగితాలు ముందుగా సిద్ధం చేసుకోవాలో విడిగా రాస్తాను. ఇంటి పన్ను బకాయి మాత్రం ఇప్పుడే కట్టించేయండి. నామినేషన్ల పరిశీలన రోజున అవతలివాళ్లు మొట్టమొదట తీసేది ఆ రసీదు సంగతే.